పాటల లిస్టు వరకు సూపర్, గిగ్ ఇప్పించడం దగ్గరికొచ్చేసరికి మన తిప్పలు మనవే

కొత్త బ్యాండ్లకి పాటల లిస్టు తయారు చేయించి మొదటి గిగ్ (జనం ముందు వాయించే అవకాశం) ఇప్పిస్తామనే సర్వీసు ఇది. మూడు స్టార్లు ఇస్తున్నాను, అలాగని ఓ మోస్తరుగా ఉంటుందనుకోకండి. ఇందులో సగం ఐదు స్టార్లకి తక్కువ కాదు, మిగతా సగానికి ఒకటి ఇవ్వడం కూడా ఎక్కువే అనిపిస్తోంది, రెండూ కలిపితే లెక్క మూడు దగ్గర తేలింది. కొత్తగా బ్యాండు పెట్టుకున్న పిల్లలో, వాళ్ల కోసం ఫోన్లు చేసే నాలాంటి అన్నలో అక్కలో చదువుతారని కాస్త వివరంగా రాస్తున్నా. తొందరలో ఉన్నవాళ్లు చివరి పేరా మాత్రం వదలకండి, అది డబ్బుల సంగతి.

ముందు మా కథ చెప్పాలి. బ్యాండులో నేను లేను, నాకు చప్పట్లు కూడా తాళంలో కొట్టడం రాదు. మా తమ్ముడు డ్రమ్స్ వాయిస్తాడు, వాడితో పాటు గిటారు ఒకడు, బేస్ గిటారు ఒకడు, కీబోర్డు ఒకమ్మాయి, పాడే అమ్మాయి ఒకరు, మొత్తం ఐదుగురు. వయసులు పదహారు నుంచి పంతొమ్మిది. వీళ్లలో ఎవరికీ తెలియని మనిషికి ఫోన్ చేసి మాట్లాడే అలవాటు లేదు, మెసేజ్ అయితే అర్ధరాత్రి కూడా పెడతారు గానీ ఫోన్ అంటే చెమటలు పడతాయి, కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. దానికి "మేనేజర్" అని పేరు కూడా పెట్టారు. ఎనిమిది నెలలుగా ప్రాక్టీసు, ఇరవై మూడు పాటలు "వచ్చు" అంటారు, బయట జనం ముందు మాత్రం అప్పటికి ఒక్కసారి కూడా వాయించలేదు.

ఈ "మొదటి గిగ్" ప్యాకేజీలో వాళ్లు ఇస్తామన్నవి రెండు. ఒకటి, స్టేజీ అనుభవం ఉన్న మెంటర్‌తో నాలుగు వీడియో సెషన్లు, ఒక్కోటి గంటన్నర, అందులో పాటలు ఎంచి సెట్ లిస్టు, అంటే స్టేజీ మీద వాయించే వరస, తయారు చేయడం. రెండు, బ్యాండుకి ఒక ప్రొఫైల్ పేజీ చేసి, కొత్తవాళ్లకి అవకాశం ఇచ్చే వేదికలకి మన తరఫున వాళ్లే పంపి డేట్ ఖాయం చేయించడం. నేను డబ్బు కట్టింది రెండోదాని కోసం. పనికొచ్చింది మొదటిది.

మాకు వచ్చిన మెంటర్ మేడమ్ పేరు రాయను, ఆవిణ్ని అడగలేదు కాబట్టి. మొదటి సెషన్‌కి ముందే ఒక పని చెప్పారు: నిజంగా స్టేజీ మీద ఉన్నట్టే అరగంట వాయించండి, ఫోన్ గదిలో ఓ మూల పెట్టి రికార్డు చేయండి, ఎడిట్ చేయకుండా పంపండి, తప్పు పోతే పోయినట్టే ఉండనివ్వండి. పిల్లలు ఓస్ ఇంతేనా అనుకున్నారు. రికార్డింగ్ వెనక్కి పెట్టి విన్నాక ఎవరూ మాట్లాడలేదు. ముప్పై నిమిషాల్లో వాయించింది పద్దెనిమిది, మిగతా పన్నెండూ "ఇప్పుడేది?", "ఆగు, ట్యూన్ చూసుకుంటా", "ఒరేయ్, నువ్వు కదా మొదలెట్టాలి". తొమ్మిది చోట్ల పాట మధ్యలోనే ఆగిపోయింది.

ఆవిడేమీ కోప్పడలేదు. "వచ్చు అంటే ఏంటో ముందు తేల్చుకుందాం. ఒకరు తప్పు చేసినా మిగతా నలుగురూ ఆగకుండా వెళ్లిపోగలిగితే ఆ పాట మీకు వచ్చు. ఆగారంటే రాదు," అన్నారు. అలా లెక్కేస్తే ఇరవై మూడు కాస్తా పదకొండయ్యాయి. అందులో రెండింటిని ఆవిడే తీసేశారు, ఒకటి వెనక పెద్ద వయొలిన్ల గుంపు ఉంటేనే నిలబడే పాట, రెండోది కోరస్‌లో పది గొంతులు కావాల్సిన పాట, మన దగ్గర ఉన్నవి ఒకటిన్నర గొంతు (ఆ అర మా తమ్ముడిది). మిగిలినవి తొమ్మిది.

తొమ్మిదింటికీ ఒక పట్టిక రాయించారు. పాట, శృతి, వేగం, నిడివి, ఎవరు మొదలుపెడతారు, ఎలా ముగుస్తుంది. మిగతా గడులన్నీ చకచకా నిండాయి, చివరి గడి దగ్గర పెన్ను ఆగింది. నాలుగు పాటలకి అసలు ముగింపే లేదు. రికార్డులో అవి పల్లవి తిరుగుతూ తిరుగుతూ సౌండు మెల్లగా తగ్గిపోయి ఆగిపోతాయి. స్టూడియోలో ఒక మీట కిందికి జరిపితే అయిపోయే పని అది, ఐదుగురు మనుషులు డ్రమ్స్ పెట్టుకుని చేయలేరు. ప్రాక్టీసులో వీళ్లేం చేసేవాళ్లంటే, ఎవరో ఒకరికి విసుగొచ్చేదాకా పల్లవి తిప్పి, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వి ఆపేసేవాళ్లు. గోడ అవతల కూర్చుని నేను అది ఎన్నిసార్లు విన్నానో, ఒక్కసారి కూడా అదొక లోపమని నాకు తట్టలేదు. రెండో సెషన్‌లో సగం టైము ఆ నాలుగు ముగింపులకే పోయింది. పల్లవి రెండుసార్లు, రెండోసారి చివరి మాట దగ్గర డ్రమ్స్ తప్ప అందరూ ఆగాలి, నాలుగు లెక్క, ఆ తర్వాత అందరూ కలిసి ఒక్క దెబ్బ. అంతే. ఆ ఒక్క దెబ్బ కలవడానికి మావాళ్లకి వారం పట్టింది, ఎప్పుడూ ఎవరో ఒకరు అర సెకను ముందు పడిపోయేవాళ్లు, ఎక్కువసార్లు అది మావాడే.

పాడే అమ్మాయి విషయం ఇంకా నయంగా చూశారు. అందరికీ ఇష్టమైన హుషారు పాట ఒకటుంది, రికార్డులో 'A' మేజర్ శృతిలో ఉంటుంది, ఆ అమ్మాయి రోజూ అదే శృతిలో పాడుతోంది, బాగానే ఉందనుకుంటున్నాం. ఈవిడ ఏం చేశారంటే ప్రాక్టీసు మొదట్లో కాకుండా, గంటసేపు అన్నీ పాడేశాక, నిలబెట్టి ఆ పల్లవి పై స్వరం మళ్లీ పాడించారు. గొంతు చీలింది. అప్పుడు బయటపడింది, ఆ పాట వచ్చిన రోజల్లా తనకి సాయంత్రం గొంతు నొప్పిగా ఉంటోందట, చెబితే పాట తీసేస్తారని ఎవరికీ చెప్పలేదట. ఒక్కో సెమీటోన్ (శృతిలో అతి చిన్న మెట్టు) దించుకుంటూ వచ్చి మూడు దించాక, ఎఫ్ షార్ప్‌లో, అదే పల్లవి నవ్వుతూ పాడేసింది.

వెంటనే గిటారు కుర్రాడి మొహం మాడిపోయింది. ఎఫ్ షార్ప్ అంటే ఓపెన్ కార్డులు (కొన్ని తీగలు నొక్కకుండానే వాయించే స్వరాల కలయికలు) ఉండవు, పాటంతా చూపుడువేలు అడ్డంగా నొక్కి పెట్టి బార్ కార్డులు పట్టాలి, నాలుగు నిమిషాలకి చెయ్యి తిమ్మిరెక్కుతుంది. దానికి మేడమ్ చెప్పింది ఒక్క ముక్క, "రెండో ఫ్రెట్ మీద కేపో పెట్టు, 'E' మేజర్ కార్డులు పట్టుకో." ఫ్రెట్లంటే గిటారు మెడ మీది మెట్లు, కేపో అంటే అక్కడ తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు, 'E' నుంచి రెండు మెట్లెక్కితే ఎఫ్ షార్ప్ కదా. వాడి దగ్గర కేపో ఉంది, ఎనిమిది నెలలుగా సంచీలోనే ఉంది! కీబోర్డు అమ్మాయికి ఇంకా సులువు, శృతి మార్చే ట్రాన్స్‌పోజ్ మీట మూడుసార్లు నొక్కి మైనస్ మూడు పెట్టుకుంది, వేళ్లు పాత చోటే. కాకపోతే తర్వాతి పాటకి దాన్ని మళ్లీ సున్నాకి తేవడం మర్చిపోయింది. ఇలాంటి మూడు సెమీటోన్ల గోల మీరు వినాల్సిందే, నలుగురు ఒక ఊళ్లో, ఒకరు ఇంకో ఊళ్లో ఉన్నట్టు ఉంటుంది. అదే వారంలో రెండుసార్లు జరిగేసరికి మేడమ్ ఆ పాటని తీసుకెళ్లి సెట్ చివర్లో పడేశారు, దాని తర్వాత ఇంకో పాటే లేకపోతే మర్చిపోయినా నష్టం లేదు కదా. నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది సరిగ్గా అక్కడే.

ఇక సొంత పాటల గొడవ. గిటారు కుర్రాడు నాలుగు పాటలు కట్టాడు, అందులో రెండు నిజంగానే బావుంటాయి. "వేరేవాళ్ల పాటలు వాయిస్తే మనకీ స్పీకరుకీ తేడా ఏంటి" అని వాడి వాదన, అన్నీ సొంతవే ఉండాలంటాడు. మేడమ్ బీటిల్స్ బ్యాండు సంగతి తీశారు. 1962 జనవరి 1న లండన్‌లో డెకా రికార్డు కంపెనీ ఆడిషన్‌కి వెళ్లినప్పుడు వాళ్లు పాడిన 15 పాటల్లో ఆ బ్యాండులోని లెనన్, మెకార్ట్‌నీ రాసుకున్నవి మూడే, మిగతా 12 వేరేవాళ్లవి అని. మావాడు ఊరుకుంటాడా, "ఆ ఆడిషన్‌లో డెకావాళ్లు వద్దనేశారు కదా మేడమ్, సొంతవి ఎక్కువ పాడుంటే తీసుకునేవాళ్లేమో" అన్నాడు. ఆవిడ పడీపడీ నవ్వారు. చివరికి ఒక సొంత పాటకి ఒప్పందం కుదిరింది, అదీ మూడో స్థానంలో. మొదటి రెండూ జనానికి తెలిసినవి వాయిస్తే ఈ పిల్లలకి వాయించడం వచ్చు అని నమ్మకం కుదురుతుంది, అప్పుడు తెలియని పాట ఇస్తే చెవి ఒగ్గి వింటారు, చివర్లో పెడితే అప్పటికి సగం మంది ఫోన్లలో ఉంటారు అని ఆవిడ లెక్క.

అరగంట టైములో ఎన్ని పాటలు పడతాయో కూడా మాకు తెలియదని తేలింది. నేను ముప్పైని నాలుగుతో భాగించి ఏడున్నర అన్నాను, మేనేజర్ని కదా. ఆరే పెట్టించారు. ఆరు నాలుగులు ఇరవై నాలుగు, నాలుగు మాటలు చెప్పుకోవడానికి, ట్యూన్ చూసుకోవడానికి, కేపో పెట్టుకోవడానికి మిగతాది, ఏడోది జేబులో ఉంచుకోండి, ఎవరైనా అడిగితేనే తీయండి అన్నారు. మొదటి పాటగా పిల్లలు అన్నిటికంటే కష్టమైనది పెట్టారు, అదిరిపోవాలని. దాన్ని కొట్టేసి, నిద్రలో లేపినా వాయించేదేదో చెప్పండి అని అది పెట్టించారు, ఎందుకంటే మొదటి పాట నడుస్తున్నప్పుడే సౌండు ఇంజినీరు ఏ మైకు ఎంత ఉంచాలో సర్దుకుంటుంటాడు, ఆ రెండు నిమిషాలు మీకు మీ గొంతే సరిగ్గా వినపడకపోవచ్చు, వేళ్లు కూడా చల్లగా ఉంటాయి. ఒకే వేగం ఉన్న పాటలు మూడు వరసగా రానివ్వలేదు. ఇవన్నీ పెద్ద రహస్యాలేం కావు, వెతికితే ఎక్కడైనా దొరుకుతాయేమో, కానీ మన పాటలు విని, మన పిల్లల మొహాలు చూసి, ఇది ఇక్కడ పెట్టు అని చెప్పే మనిషి దొరకడం వేరు.

చెవుల సంగతి కూడా ఆవిడే ఎత్తారు, నేను ఆలోచించని విషయం. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం శబ్దం 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటల వరకు ఫర్వాలేదు, అక్కణ్నించి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైము సగమైపోతుంది, అంటే 100 దగ్గరికి వచ్చేసరికి 15 నిమిషాలే. చిన్న గదిలో డ్రమ్స్ పక్కన కూర్చుంటే ఆ 100 ఏమంత దూరం కాదు. ఐదుగురికీ ఇయర్ ప్లగ్స్ కొన్నాను. మావాడు మొదట్లో ఏమీ వినపడట్లేదని సణిగాడు, ఇప్పుడు అవి లేకుండా స్టూలు మీద కూర్చోడు.

సరే, ఇంతవరకు ఐదు స్టార్లు. ఇప్పుడు రెండో సగం.

ప్రొఫైల్ పేజీ చూడ్డానికి బాగానే ఉంటుంది. వీడియో కావాలన్నారు, స్టూడియోలో తీసిన ప్రోమో అయితేనే వేదికలవాళ్లు చూస్తారని, అది తీయించడానికి తమ దగ్గరే ఇంకో ప్యాకేజీ ఉందని రోజుకో మెసేజ్. మేడమ్‌ని అడిగితే ఏమీ వద్దన్నారు. ఫోన్ అడ్డంగా పెట్టి, ఐదుగురూ కనపడేలా, ఒకే టేకులో, నిమిషం నిమిషంన్నర, పాడే గొంతు స్పష్టంగా వినపడితే చాలు, మొదటి పది సెకన్లలో పాట మొదలైపోవాలి, పేరు తిరుగుతూ రావడాలు, పొగలు అక్కర్లేదు, గిగ్ ఇచ్చేవాడికి కావాల్సింది వీళ్లు నిజంగా ఎలా వాయిస్తారన్నదే అని. అలాగే తీసి పెట్టాం. (ఆ టేకు పదకొండోది. పదోది అద్భుతంగా వచ్చింది, చివర్లో మా కుక్క వచ్చి బేస్ డ్రమ్ ముందు పడుకుంది.)

పద్నాలుగు వేదికలకి పంపామని డ్యాష్‌బోర్డులో కనపడింది. ఏం రాసి పంపారో మాత్రం కనపడదు. ఇది గుర్తుపెట్టుకోండి, అసలు గొడవంతా ఇక్కడే ఉంది. మూడు వారాలకి ఒకచోట డేట్ ఖాయమైంది, పిల్లలు గంతులేశారు, స్నేహితులందరికీ చెప్పుకున్నారు. నాలుగు రోజుల ముందు డ్రమ్స్ ఎక్కడ దింపాలో అడుగుదామని నేను ఆ వేదికకి ఫోన్ చేశాను.

"డ్రమ్సా? డ్రమ్స్ ఏంటండీ, మీరు ముగ్గురే కదా, అకౌస్టిక్ అని రాశారు?" అన్నాడాయన.

ఐదుగురమండీ, డ్రమ్స్, కీబోర్డు, అన్నీ ఉన్నాయి అన్నాను. పాపం ఆయన మంచిగానే మాట్లాడారు, గది చిన్నదని, పైన ఇళ్లున్నాయని, గిటారు, గొంతు అయితే ఓకే గానీ డ్రమ్స్ కుదరదని చెప్పారు. ఆయన తప్పేమీ లేదు. ఫారంలో నేను ఐదుగురు అని, ఏ వాయిద్యాలో కూడా నింపాను, నా దగ్గర స్క్రీన్‌షాట్ ఉంది. సపోర్టు చాట్‌లో అడిగితే "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని వచ్చింది, మళ్లీ అడిగితే అక్షరం పొల్లుపోకుండా అదే వచ్చింది. ఆ రాత్రి మావాడు అన్నం తినకుండా పడుకున్నాడు. స్నేహితులకి ఏం చెప్పాలన్నదే వాడి బాధ.

రెండోది ఇంకో రకం. డేట్ ఇచ్చారు, అది మద్యం అమ్మే చోటు, పద్దెనిమిది నిండనివాళ్లని లోపలికి రానివ్వరు. మావాళ్లలో ఇద్దరికి పద్దెనిమిది లేవు, వయసులు కూడా ఫారంలో ఉన్నాయి. ఇలాంటి చోట్ల వయసు రూలు ఒక్కో దగ్గర ఒక్కోలా ఉంటుంది, కొన్నిచోట్ల పెద్దవాళ్లు తోడుంటే ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల అదీ లేదు, కాబట్టి పిల్లల బ్యాండయితే ఫోన్‌లో మొట్టమొదట అడగాల్సింది ఇదే. మూడోది అయితే నాకు ఒళ్లు మండింది. "షోకేస్" అట, కొత్త బ్యాండ్లకి గొప్ప అవకాశమట, నలభై టిక్కెట్లు ముందే మనం తీసుకుని అమ్ముకోవాలట, అమ్ముడుపోనివాటి డబ్బు మనమే కట్టాలట. ఒక్కో బ్యాండు నలభై చొప్పున ఆరు బ్యాండ్లు, ఎవరెలా వాయించినా హాలు నిండినట్టే, నిర్వాహకుడికి నష్టమే రాదు, రిస్కంతా పదహారేళ్ల పిల్లలది. టిక్కెట్లలో వాటా ఇస్తామనడం వేరు, అది న్యాయమే. అమ్మకపోతే నువ్వే కట్టు అంటే వద్దనేయండి. ఇలాంటివి జల్లెడ పట్టి తీసేయడానికే కదా నేను ఈ సర్వీసుకి డబ్బు కట్టింది!

ఇక లాభం లేదని నేనే దిగాను. మొదట్లో నా మెసేజ్ ఒక పేజీ ఉండేది, పిల్లల కష్టం, కలలు, అన్నీ. ఎవరూ జవాబివ్వలేదు. తర్వాత ఐదు లైన్లకి కుదించాను: ఐదుగురం, డ్రమ్స్ ఉన్నాయి, ఇద్దరికి పద్దెనిమిది లేవు, అరగంట సెట్ రెడీగా ఉంది, వారం మధ్యలో ఏ రోజైనా సరే, పెద్ద బ్యాండుకి ముందు వాయించమన్నా సరే, వీడియో లింకు ఇదిగో. దానికి తోడు కాగితం మీద పెన్సిల్‌తో స్టేజీ బొమ్మ గీసి ఫొటో తీసి పెట్టాను, ఎవరెక్కడ నిలబడతారు, పాడే మైకులు ఎన్ని, కీబోర్డుకీ బేస్‌కీ డీఐ బాక్సులు (వాటిని సౌండు సిస్టానికి కలిపే చిన్న పెట్టెలు) కావాలని, కరెంటు ప్లగ్గులు ఎక్కడ కావాలని. దీన్ని స్టేజ్ ప్లాట్ అంటారట, అదీ మేడమ్ చెప్పిందే. జవాబులు రావడం మొదలైంది. ఫోన్‌లో మాట్లాడినవాళ్లందరూ తిప్పితిప్పి అడిగింది రెండే, మీతో ఎంతమంది వస్తారు, సౌండు ఎంత పెద్దగా ఉంటుంది. మా పాటలు ఏంటని ఒక్కరు కూడా ముందు అడగలేదు, వినడానికి బాధగా ఉన్నా వాళ్ల వైపు నుంచి చూస్తే అదీ నిజమే, కుర్చీలు ఖాళీగా ఉంటే వాళ్ల రోజు పోతుంది. వచ్చే జనం సంఖ్య మాత్రం నేను ఎప్పుడూ పెంచి చెప్పలేదు. పదిహేను మంది అన్నాను, పదిహేను మందినే తీసుకెళ్లాను.

నిజంగా తలుపు తెరుచుకుంది ఓపెన్ మైక్‌లో, అంటే ఎవరైనా వచ్చి కాసేపు వాయించే కార్యక్రమంలో. పది నిమిషాల టైము, రెండు పాటలు. మావాళ్లు తొమ్మిదో నిమిషానికి ముగించి, వైర్లు చుట్టుకుని, నేలమీద నీళ్ల సీసాలు కూడా తీసుకుని దిగిపోయారు. వాళ్ల ముందు వాయించినవాళ్లు ఇరవై నిమిషాలు తీసుకున్నారు, తర్వాతివాళ్లు గిటారు ట్యూన్ చేయడానికే ఐదు. అక్కడ సౌండు చూసే ఆయన నా దగ్గరికొచ్చి నంబరు తీసుకున్నారు. బాగా వాయించారని కూడా అనలేదు, "టైముకి దిగిపోయారు" అన్నారు. రెండు వారాల తర్వాత ఆయన నుంచే ఫోన్, ఎల్లుండి ఒక బ్యాండులో సింగర్‌కి గొంతు పోయింది, అరగంట ఖాళీ ఉంది, వస్తారా అని. సెట్ లిస్టు రెడీగా లేకపోతే ఆ ఫోన్‌కి నేను అప్పటికప్పుడు ఊఁ అని ఉండేవాణ్ని కాదు, అది మటుకు ఈ సర్వీసు పుణ్యమే.

వేరేవాళ్ల పాటలు వాయించడానికి అనుమతి సంగతేంటని ఆయన్ని అడిగాను. మామూలుగా ఆ లైసెన్సు వేదికవాళ్లే తీసుకుని ఉంటారు, వీళ్లకీ ఉంది, పాటల జాబితా మాత్రం రాసి ఇవ్వమన్నారు. వీడియో తీసి నెట్‌లో పెట్టడం వేరే వ్యవహారం, దానికి ఈ లైసెన్సు చాలదు, అది కలిపేసుకోకండి.

గిగ్ ఎలా జరిగిందంటే, మొదటి పాట బాగానే పోయింది, రెండోది నిమిషానికి 96 దెబ్బల వేగంలో ఉండాల్సింది మావాడు టెన్షన్‌లో 110 దగ్గర ఎత్తుకున్నాడు. ప్రాక్టీసులో టిక్ టిక్ మంటూ వేగం చూపే మెట్రోనోమ్ పెట్టుకుని, లిస్టులో ప్రతి పాట పక్కన అంకె రాసుకుని కూడా. పాడే అమ్మాయికి మాటలు నోట్లో పట్టడం లేదు, ఊపిరి తీసుకునే చోటు లేదు. నేను వెనక గోడకి ఆనుకుని చెమటలు కక్కుతున్నాను. అప్పుడు బేస్ కుర్రాడు, ఎప్పుడూ నోరు విప్పనివాడు, జనానికి వీపు పెట్టి డ్రమ్స్ వైపు తిరిగి, కాలితో నేలమీద అసలు వేగం కొట్టడం మొదలుపెట్టాడు, మావాడి కళ్లలోకే చూస్తూ. మొదటి చరణం అయ్యేసరికి పాట మెల్లగా తన దారిలోకి వచ్చింది. ఎవరూ ఆగలేదు. ఆ పాట ముగింపులో నాలుగు లెక్క తర్వాత ఐదుగురూ ఒక్క దెబ్బ వేశారు, కలిసింది, జనానికి ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలిసింది. నా పక్కనున్నాయనకి వీళ్లు తప్పు చేశారని కూడా తెలియదు. సొంత పాట దగ్గర కొంతమంది నీళ్లు తాగడానికి లేచారు, కొంతమంది కూర్చున్నారు. చివరి పాటలో కేపో మర్చిపోలేదు, మైనస్ మూడు మర్చిపోలేదు. మొత్తం ఇరవై ఏడు నిమిషాలు. ఇచ్చిన డబ్బు రానూపోనూ ఖర్చులకి సరిపోయింది.

కాబట్టి తీసుకునేవాళ్లు ఇలా చేయండి: సెషన్లు మాత్రమే ఉండే చిన్న ప్లాన్ ఒకటుంది, హోమ్ పేజీలో కనపడదు, ధరల పేజీలో అన్నిటికంటే కింద ఉంటుంది, అది తీసుకోండి. పెద్ద ప్యాకేజీ తీసుకుంటే వేదికలకి పంపే మెయిలు కాపీ ముందు మీకు చూపించమని రాతపూర్వకంగా అడగండి. ఇంకొకటి, మూడు నెలలు అయ్యాక ప్లాన్ దానంతటదే రెన్యూ అవుతుంది, ఆపే మీట "అకౌంట్"లో ఉండదు, "నోటిఫికేషన్లు" లోపల ఉంటుంది. నేను గిగ్ హడావుడిలో చూసుకోలేదు, డబ్బు కట్టయిపోయింది. మూడో రోజునే రీఫండ్ అడిగాను, ఈ రోజుకి పదకొండు రోజులు, నా అసౌకర్యానికి వాళ్లు ఇంకా చింతిస్తూనే ఉన్నారు. వస్తే ఇక్కడే రాస్తాను.